నలభై రెండుకు రెండో పక్క

గుడియాత్తం ఉమాపతి ఒకటి మొదలు అంతు లేనంత వరకు ఉన్న అంకెలన్నిటినీ పట్టి అగ్గిపెట్టెలో పెట్టి మూసేశాడు. నవ్వకండి. తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టిన నాకే అర్థమైన సంగతి ఇది.

ఎనిమిది అగ్గిపుల్లల్ని కుప్పలుగా విడదీయండి. ఒక పద్ధతిలో కొన్ని కొలతల కుప్పలే పెట్టాలి. రెండో పద్ధతిలో ఏ కొలతైనా సరే, కుప్పకూ కుప్పకూ తేడా మాత్రం ఉమాపతి చెప్పినట్టుండాలి. ఇటు ఐదు విధాలు వస్తాయి, అటూ ఐదే. పది పుల్లలకైనా, ఇరవైకైనా అటూ ఇటూ సమానమే. ఎందుకో ఎవరికీ తెలియదు. చదువుకున్నవాళ్ళు ఇలాంటివాటిని క్యూ-శ్రేణుల సర్వసమీకరణాలంటారట. రుజువు దొరికేదాకా ఒట్టి ఊహే. ఈ ఊహ నేను పనిచేసే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా ఉన్న మా ఉమాపతిది.

ఆయనతో వేలూరులో ఎమ్మెస్సీ చదివిన డానియల్ ఆ ఊరి పక్కనే సత్తువాచారిలో గుమాస్తా. ఒక పక్క విధాలను ఉమాపతి లెక్కించేవాడు, రెండో పక్కవి డానియల్. జవాబు చీటీని ఖాళీ అగ్గిపెట్టెలో మూసుకుని, ఆదివారం ఇద్దరికీ నడిమధ్యనున్న పళ్ళికొండ హోటల్లో కలిసేవారు. పెట్టెలు ఒకేసారి తెరవాలి. అలా నలభై ఒకటి దాకా వచ్చాక డానియల్ గుండెపోటుతో పోయాడు.

ఏడాదిగా ఉమాపతి నలభై రెండు పుల్లల జవాబు చీటీ ఉన్న పెట్టెతో ప్రతి ఆదివారం పళ్ళికొండకు వెళ్ళి, కాఫీ తాగి, అదే పెట్టెతో తిరిగొస్తున్నాడు. పెళ్ళాం పిల్లలు లేని మనిషి. రెండో పక్కా నువ్వే చూసుకోరాదా అన్నాను.

"రెండూ నేనే ఎంచితే, చెయ్యి సరిపోయే జవాబు కాడికే పోతాది నాయనా," అన్నాడు.

నేనున్నాను కదా, పది రోజుల్లో తేల్చేస్తానన్నాను. ఆయన నియమాలన్నీ ఓపిగ్గా రాసిచ్చాడు. కుప్పల విధాలు ఒకటిన్నర పేజీ రాసేసరికి నాకు తల తిరిగి ఆపేశాను.

ఆదివారం పళ్ళికొండలో ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు ఆయన పెట్టె కొంచెం తెరిచి చూశాను. ఆరువందల ముప్ఫై ఎనిమిది. నా చీటీ మీదా అదే వేశాను.

పెట్టెలు తెరిచాం. ఆయన రెండు చీటీలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. డానియల్ పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. ఇంకో రెండు కాఫీ చెప్పాడు. నేను ఊరుకుంటానా? గల్లా దగ్గరున్న వరదమ్మతో, ఉమాపతి అంకెలన్నిటినీ జయించేశాడని చెప్పాను.

ఆలోగా ఆయన చెయ్యి చాచాడు. "రాసిన కాయితాలు ఇయ్యి నాయనా, డానియల్‌వి ఉండే కట్టలో పెడతాను."

ఇచ్చాను. ఆరువందల ముప్ఫై ఎనిమిది విధాలకు ఒకటిన్నర పేజీ. ఆయన తిరగేసి చూశాడు, వెనక పక్కా చూశాడు. నా చీటీ మడిచి నా ముందే పెట్టి, తన చీటీని మళ్ళీ పెట్టెలో పెట్టుకున్నాడు.

కాఫీ తెస్తూ వరదమ్మ, అన్నీ గెలిచేసినారంట కదప్పా, అంది.

"లేదమ్మా. నలభై ఒకటి దాకానే సరిపోయిండాది. నలభై రెండులో ఒక పక్కే అయిండాది."