జనానాలో లాల్‌దవా

మొన్న మా పెద్ద మనవరాలి స్నానాలగదిలో గులాబీ వాసన వేసే సీసా ఒకటి కనిపించింది. ఆడవారు లోపల శుభ్రం చేసుకొనే ద్రవమట. డాక్టరు చదువుతున్న చిన్న మనవరాలు అది చూసి అక్కను చెడామడా తిట్టింది. ఆరోగ్యంగా ఉన్న ఆడదాని యోనిలో మంచి బాక్టీరియా కాపురముంటుందనీ, పాలను పెరుగు చేసే జాతికి అది దాయాది అనీ, అది పుట్టించే పులుపే చెడ్డ క్రిములను దగ్గరకు రానివ్వదనీ, కాస్త తెల్లబట్ట కావడం రోగం కాదనీ, కడిగి కడిగి ఆ బాక్టీరియాను చంపుకొంటేనే రోగం వస్తుందనీ చెప్పుకొచ్చింది. వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్లల మీద కాదు.

చార్మినార్‌కు దగ్గరలోనే మా పెద్ద లోగిలి, దేవిడి, ఉండేది. ఆ ఇంటి పిల్లనని ఇప్పటికీ తలెత్తే చెప్పుకొంటాను. అటువంటి ఇంట్లో, ఆడవాళ్లుండే జనానా వైపు స్నానాలగదిలో, మేకుకు ఒక ఎనామిల్ డబ్బా, దానికి రబ్బరు గొట్టం వేలాడేవి. ఎప్పుడో మా మేనత్త పురుడు పోసుకొని పుండుపడితే, ఒక దొరసాని డాక్టరు నీళ్లలో లాల్‌దవా, అంటే పొటాషియం పర్మాంగనేటు, కలిపి కొన్నాళ్లు లోపల కడగమని చెప్పి వెళ్లిందట. పుండు మానింది గాని డబ్బా మేకు దిగలేదు. చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ లేని వస్తువు గనుక నాయనమ్మ దాన్ని వంశమర్యాదను చేసి కూర్చుంది.

మా చిన్నాయన భార్య కార్వాన్ బస్తీలోని వ్యాపారుల ఇంటి బిడ్డ. చాకలికి వేసే బట్టలు నాయనమ్మ స్వయంగా తిరగేసేది. కొత్త కోడలి బట్ట మీద తెల్లని మరక చూసి, జబ్బు పిల్లను అంటగట్టారని అందరి ముందూ లేచింది. చిన్నమ్మ తల వంచలేదు.

“నాకేం రోగం లేదత్తమ్మా. మా ఇంట్ల ఆడోళ్లందరికి గిట్లనే ఉంటది.”

“మీ దుకాణంల ఉంటదేమో. ఇది దేవిడి.”

ఆనాటి నుంచి రెండు పూటలా ఆ ఊదా రంగు నీళ్లే. చిన్నమ్మ మంటకు కూర్చోలేక గోడ పట్టుకొని నిలబడేది. కొన్ని నెలలకు నిజంగానే వాసన మొదలైంది. నేను చెప్పలేదా అని నాయనమ్మ గెలిచినట్టు తిరిగింది. మందు ఇంకాస్త చిక్కగా కలిపించింది. చివరకు పరదా కట్టిన బండిలో కార్వాన్‌కు పంపేశారు. నౌకర్ల మీద అంత గొంతు చేసుకొనే చిన్నాయన ఆ రోజు బండి కదిలేదాకా మేడ దిగలేదు. ఏడు తిరక్కుండా మరో పెళ్లి చేసుకొన్నాడు. వచ్చిన ఆమెకూ అదే డబ్బా.

నా పెళ్లయ్యాక కార్వాన్‌లో ఒక పేరంటంలో చిన్నమ్మ కనిపించింది. నిండుగా, నవ్వుతూ ఉంది. ఒంట్లో ఎలా ఉందని బెరుకుగా అడిగాను.

“మీ దేవిడి ఇడిశినంక నాకే రోగమూ లేదు బిడ్డా. ఎవ్వరన్న అడిగితె గద చెప్పేది.”

నిజమే, మా వాళ్లు ఒక్కరూ అడగలేదు.

దేవిడి వాటాలై, గాజుల దుకాణాల గోదాములై పోయింది. అయ్యో అని నా మీద జాలిపడేవారున్నారు. నాకు ఆ జాలి అక్కర్లేదు. మా పెద్ద మనవరాలి బట్టలు తిరగేసే అత్త లేదు, పైన ఆజ్ఞ లేదు, అయినా ఆ సీసా తనే కొని తెచ్చుకొంది. రోగం లేదని చిన్నమ్మ చెప్పిన మాటకు ఇన్నాళ్లకు చిన్న మనవరాలి నోట సాక్ష్యం దొరికింది. వినడానికి చిన్నమ్మ లేదు. సిగ్గుపడడానికి ఆ ఇల్లూ లేదు.