తాసీల్దారు మీద చాడీలు

నా చిన్నప్పుడు, చోడవరంలో మా ఇంట్లో నన్ను అందరికంటే ఎక్కువ ఏడిపించింది మనిషి కాదు, ఒక గొర్రె. దాని పేరు తాసీల్దారు. ఎదురొచ్చినవాళ్ళు పక్కకు తప్పుకునేదాకా అడుగు వెయ్యదని మా మేనత్త దానికి ఆ పేరు పెట్టింది. ఆడగొర్రెకు అదేం పేరని ఎవరైనా నవ్వితే, "దాని నడక సూడండి, మీకే తెలుస్తాది" అనేది.

అత్త చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. ఇవి నావి అని ఆమె చెప్పుకోగలిగినవి తాసీల్దారుతో కలిపి కాసిని గొర్రెలే. ఒక వేసవిలో నూతి గట్టు మీద జారిపడి ఆమె కాలు విరిగింది. కె.కోటపాడు నుంచి వచ్చిన ఒకాయన వెదురుబద్దలు వేసి కట్టు కట్టి, మంచం దిగొద్దన్నాడు. మా అమ్మకు ఇంటి పని, నాన్నకు చేను పని. బడికి సెలవులు కావడం నా ఖర్మ. గొర్రెలు నా నెత్తిన పడ్డాయి.

ఎంత విసిగించాయో చెప్పలేను. ఒకటి దండెం మీది బట్టలు నమిలేది. ఇంకొకటి నీళ్ళలో గడ్డిపరక కనిపిస్తే చాలు, మూతి తిప్పేసుకునేది. తాసీల్దారు సరిగ్గా ఇరుకు చేనిగట్టు మధ్యలో ఆగిపోయి, వెనకున్న మందనూ నన్నూ ఎండలో నిలబెట్టేది. అత్తలాగా గొంతు మార్చి పిలిచాను. అత్త పాత చీర చుట్టుకుని ముందు నడిచాను. అది నా మొహంలోకి తేరిపార చూసి, ఒక తుమ్ము తుమ్మి, వెనక్కి తిరిగింది.

ఆ సాయంత్రం అత్త మంచం దగ్గర కూలబడి ఏడ్చినంత పని చేశాను. "నా వల్ల కాదత్తా! అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, అన్నీ మొండివే!"

అత్త కోప్పడలేదు. "అన్నీ అంటే నాకేటి తెలుస్తాదే? మంచాన పడున్నాను. ఏది ఏటి సేసిందో యేరేరుగా సెప్పు, ఇంటాను" అంది.

చాడీలు చెప్పమంటే నాకంతకన్నా ఏం కావాలి? రోజూ చెప్పేదాన్ని. కానీ అత్త ఊరికే వినేది కాదు. గుడ్డ నమిలింది చెవి చీలినదా, నుదుట తెల్లమచ్చ ఉన్నదా అని అడిగేది. తెలియదంటే, "అయితే రేపు సూసొచ్చి సెప్పు" అని అటు తిరిగి పడుకునేది. నాకు ఒళ్ళు మండిపోయేది. చివరికి చాడీ చెప్పడానికి కూడా వాటి మీదే కళ్ళు పెట్టుకుని తిరగాల్సి వచ్చింది.

అలా తిరిగితే తెలిసింది. చెవి చీలినది చెమట వాసనున్న గుడ్డలే నమిలేది, ఉప్పదనం కోసం కాబోలు. తెల్లమచ్చదానికి ఉరుమంటే ప్రాణభయం, మబ్బు పట్టగానే నా కాళ్ళకు అంటుకుపోయేది. ఇంకోటి నడవలేనట్టు దొంగదగ్గు దగ్గేది, చెరుకాకు చూపిస్తే దగ్గు మాయం.

ఒకరోజు చెరుకు నరికేసిన చేలలో ఉండగా గాలివాన మొదలైంది. రావికమతం వైపు నుంచి ఒక ముసలాయన తోలుకొస్తున్న పెద్ద మంద బెదిరి, మా గొర్రెల మీదికి పరిగెత్తుకొచ్చింది. రెండూ కలిసిపోయాయి. ఎటు చూసినా తడిసిన వీపులే. ఒక్కటి తగ్గినా అత్తకు మొహం ఎలా చూపించను?

"వాన ముదిరిపోతంది, బేగి నీయి ఏరుకో గుంటా!" అని అరిచాడాయన.

ఏడుపు దిగమింగుకుని మందలోకి దూరాను. నేను వెతకకముందే ఏదో వచ్చి నా మోకాళ్ళకు అతుక్కుంది. తెల్లమచ్చది! పరికిణీ అంచు ఎవరో లాగుతున్నారు, చూస్తే చీలిన చెవి. దొంగదగ్గును బట్టి మూడోదాన్ని పట్టుకున్నాను. మిగతావీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి, తాసీల్దారు తప్ప. అది మంద నడిమధ్యన, వానలో, నన్ను చూస్తూనే నిలబడి ఉంది.

నా ఓపిక అంతటితో సరి. "ఒసే తాసీల్దారూ! నీకోసం పల్లకీ తేవాలా? ఊరంతా ఇళ్ళకి పోతంటే నీకు మాత్రం ఏటే ఈ బడాయి? వస్తావా రావా?" అని నా సొంత గొంతుతో, రోజూ తిట్టే తిట్లన్నీ తిట్టాను. అది చెవులు నిక్కించింది. ముసలాయన గొర్రెలు తప్పుకునేదాకా ఆగి, తీరిగ్గా నడిచొచ్చి, తడి మూతిని నా అరచేతిలో పెట్టింది. ఇంకా కోపంగానే ఉన్నాను. అయినా ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాను.

ఇంటికొచ్చి అంతా చెప్పాను. అత్త నా తల తుడుస్తూ పగలబడి నవ్వింది. "తిట్టాలన్నా ఎవుల్ని తిడతన్నామో తెలియాలి గదే. అది నీకూ తెలిసింది, దానికీ తెలిసింది" అంది.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నాకు మనవలున్నారు. ఎవరైనా మాటల మధ్యలో, జనం ఒట్టి గొర్రెల్లాంటివాళ్ళని తీసిపారేస్తే, ఈ వయసులోనూ నాకు చిర్రెత్తుకొస్తుంది. వాళ్ళను అక్కడే ఆపి అడుగుతాను, "ఏ గొర్రె?" అని.