బాయిలరుకు కట్టిన గుమ్మడికాయ

పెద్ద యుద్ధం ఇంకా మొదలుకాని రోజుల్లో, ఫ్రెంచివారి పాలనలో, పుదుచ్చేరిలోని ఒక నూలు మిల్లు బాయిలరు విభాగానికి నన్ను శిక్షకుడిగా వేశారు. ఇంజనీరింగు నేర్చుకునే కుర్రవాళ్ళకు ఆవిరి యంత్రాల భద్రత బోధించడం నా పని. మిల్లు పెద్దదొరకు మా తరగతి కంటగింపు. పొయ్యి వెలిగించడానికి బడి ఎందుకని వెటకారం చేసేవాడు. ఆయుధపూజ మరునాడు పరీక్ష పెట్టి, పొద్దున్న మిల్లు కూత వేళకు ఆవిరి సిద్ధం కాకపోతే తరగతి మూసేస్తానని చెప్పేశాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ మిల్లులో ఆయన మాటే చట్టం.

నా తరగతిలో నిన్న బాగానే నడిచిందన్న మాట చెల్లదు. వెలిగించే ముందు ప్రతిసారీ నీటిమట్టం చూడాలి, రక్షణ కవాటాన్ని చేత్తో తడమాలి. ఆవిరి మితిమీరితే బయటికి వదిలే మూత అది. దాని మీద ఒక ఇనుప కడ్డీ, ఆ కడ్డీకి లెక్క ప్రకారం వేలాడే గుండు ఉంటాయి. ఆవిరి ఒత్తిడి ఆ బరువును మించితేనే మూత లేస్తుంది.

ఆ ఉదయం దొర స్వయంగా వచ్చి నిలబడ్డాడు. పరీక్ష గోవిందుది. విల్లియనూరు రైతుబిడ్డ, నా విద్యార్థుల్లో అందరికంటే మాట తక్కువ. చందనం, కుంకుమ పూసిన బాయిలరు పైకెక్కి తడిమి చూసి, కిందికి దిగి, పొయ్యి వెలిగించనన్నాడు. కవాటం కడ్డీ చివర దిష్టి గుమ్మడికాయ వేలాడుతోంది. ముందురోజు పూజలో మునిసామి మేస్త్రి భక్తిగా కట్టినది.

కూరగాయ కోసం మిల్లు ఆపుతారా అని దొర నన్ను గద్దించాడు. మేస్త్రి అంతకంటే మండిపడ్డాడు.

"దిష్టికాయ తీస్తే ఒక్కడూ లోనికి రాడురా!"

తరగతి పోయినట్టే అనుకున్నాను. నోరు విప్పబోయి ఆగాను, పరీక్ష వాడిది కదా.

"మామా, పత్తి తూచే కోలలో గుండును చివరికి జరిపితే ఏందయితాది?" అన్నాడు గోవిందు మేస్త్రితో.

"చిన్న గుండే పెద్ద మూటను నిలబెడతాది."

"ఇదీ అట్లాంటి కోలే గదా. కాయ చివర్నే ఉండాది. మూతను ఎంత నొక్కతాదో నువ్వే చెప్పు. ఆవిరి యాడికి పోవాల?"

మేస్త్రి తానే ఎక్కి కాయ విప్పి, గుమ్మానికి కట్టి, కర్పూరం వెలిగించాడు. కూలీలు దండం పెట్టుకుని లోపలికి వచ్చారు. గోవిందు పొయ్యి రాజేశాడు. కూత వేళకు ఆవిరి సిద్ధం! పరీక్ష కోసం హద్దు దాకా పెంచితే మూత లేచి బుస్సుమంది. దొర చెవులు మూసుకున్నాడు. నేను కుర్రవాళ్ళతో కలిసి గంతులేశాను, దాచుకోవడం దేనికి? పత్తికోల సంగతి ఫ్రెంచిలో చెప్పాక దొర మూసివేత మాట మళ్ళీ ఎత్తలేదు. పైగా తన బాయిలరు పనివాళ్ళందరినీ మా తరగతికి పంపాడు.

మరుసటి ఆయుధపూజకు మునిసామి గుమ్మడికాయ చేత పట్టుకుని నేరుగా గోవిందు దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, దీన్ని యాడ కట్టాల?"

కాయ కట్టినవాడూ బాయిలరు క్షేమాన్నే కోరాడు. అందుకే ఆ తర్వాత నా పరీక్షలో, కవాటం తడమడంతో పాటు, పొరపాటు చేసినవాడికి అతని పనిలోని మాటతోనే నచ్చజెప్పడం కూడా చేర్చాను. రెండోది రానివాణ్ణి ఎన్నడూ ఉత్తీర్ణుణ్ణి చేయలేదు.