చెడ్డ సినిమాలో కనపడని మనిషి

మా ఇంట్లో ఆడవాళ్ళు సినిమాకి వెళ్ళాలంటే ఒక మనిషి ఉండి తీరాలి. ఆ మనిషి మా నాన్న అనుకునేరు, కాదు. మద్రాసులో ఉండే ఒక నటుడు. పేరు చెప్పను, చెప్పినా ఇప్పటి పిల్లలకి తెలియదు. ఆయన హీరో కాదు. హీరోకి తండ్రి, హీరోయిన్‌కి పెదనాన్న, ఊరి పెద్ద, బడి మాస్టారు, అట్లాంటి వేషాలు వేసేవాడు. నెరిసిన జుట్టు, భుజం మీద కండువా, ఎప్పుడూ తగ్గించి మాట్లాడే గొంతు. పోస్టరు మీద ఆయన మొహం ఉంటే మా నాన్న బండి కట్టేవాడు. లేకపోతే ఎంత పెద్ద హీరో ఉన్నా కట్టేవాడు కాదు.

"ఆయన ఇంతవరకూ చెడ్డ సినిమాలో కనపళ్ళా" అనేవాడు నాన్న. ఈ సంగతి ఆయనకి జగ్గయ్యపేటలో మిరపకాయల కొట్టు దగ్గర ఎవరో చెప్పారట. ఆ నటుడు ముందు కథంతా వింటాడని, తన ఇంటి ఆడపిల్లలు చూడకూడనిది అందులో ఒక్కటి ఉన్నా వేషం ఒప్పుకోడని. చెప్పినవాడికి మద్రాసు కబుర్లు ఎట్లా తెలిశాయో నాన్న అడగలేదు. మిరప కళ్ళంలో ఒక్క తాలుకాయ కనపడితే కూలీల మీద ఎగిరిపడే మనిషి, ఈ మాటని మాత్రం ఏరకుండా ఇంటికి తెచ్చుకున్నాడు.

నవ్వొస్తోంది కదూ. మాకు రాలేదు. నాన్నకి కోపం వస్తే గొడ్ల చావిట్లో ఎద్దులు కూడా నెమరు ఆపేవి. చెడ్డ సినిమా అంటే ఏమిటో ఆయనకి తిరుగులేని అభిప్రాయాలున్నాయి. తాగుడు, పేకాట, క్లబ్బు డాన్సు, పరాయి ఆడదాని కొంగు పట్టుకోవడం. ఇవి చూసిన ఆడపిల్ల చదువు మీద మనసు పెట్టదని, ఇంటికీ మిగలదని ఆయన నమ్మకం.

మా ఊరు జగ్గయ్యపేటకి, మా నోట్లో పేటకి, నాలుగైదు మైళ్ళు. మధ్యాహ్నం ఆటకి అందుకోవాలంటే పొద్దున్నే వంట ముగించి బయల్దేరాలి. నాన్న కుర్చీ టిక్కెట్లు తీసుకునేవాడు, అమ్మా నాన్నా నేనూ తమ్ముడూ నలుగురం ఒకే వరసలో కూర్చునేవాళ్ళం. ఆ నటుడు తెర మీదికి వచ్చేదాకా నాన్న వీపు కుర్చీకి ఆనేది కాదు. అమ్మకి అంతకన్నా కంగారు. ఒకసారి ఇంటర్వెల్ దాటినా ఆయన రాలేదు. నాన్న కండువా సర్దుకోవడం మొదలుపెట్టాడు, అంటే లేవబోతున్నాడని అర్థం. అమ్మ నా చెయ్యి పట్టుకున్న పట్టుకి గాజులు నా మణికట్టులో దిగాయి. చివర్లో కోర్టు సీనులో ఆయన జడ్జీగా వచ్చి నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళాడు. అమ్మ కథ ఏమిటో కూడా చూడలేదు. ఆ నాలుగు మాటలే దారంతా చెప్పుకుని మురిసిపోయింది.

మా ఊరి బడి ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఆ పైన చదవాలంటే పేటకో నందిగామకో పోవాలి. పేటలో మాకు చుట్టాలు లేరు. నందిగామలో అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని ఉండేది. బాబాయి అక్కడ కోర్టులో గుమాస్తా. ఊళ్ళో నా ఈడు పిల్లలందరికీ పెళ్ళి మాటలు నడుస్తున్న రోజులవి. హెడ్మాస్టారు ఇంటికొచ్చి చెప్పబట్టి, అమ్మ రెండు పూటలు అన్నం మానేయబట్టి నాన్న మెత్తబడ్డాడు. నన్ను నందిగామలో దిగబెట్టి, పిన్ని ఇంటి వరండాలో నిలబడే చెప్పాడు. సినిమాలూ షికార్లూ అని తెలిస్తే ఆ పూటే వచ్చి తీసుకుపోతానని. పిన్ని నసిగితే, ఆ నటుడు ఉన్న సినిమాకైతే అభ్యంతరం లేదన్నాడు.

నాకు చదువంటే ప్రాణం అని గొప్ప చెప్పుకోను. కానీ తొమ్మిదో తరగతిలో ఆడపిల్లల బెంచీ ఒక్కటే ఉండేది, అందులో నా చోటు ఉండేది. లెక్కల మాస్టారు బోర్డు దగ్గరికి పిలిస్తే సుద్దముక్క నా చేతిలో ఉండేది. అది పోతుందేమోనన్నదే నా భయం. నాన్న జొన్నలో కందులో బస్సు మీద వేసుకుని పిన్నికి ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా, ఆయన చెప్పుల చప్పుడుకే నా పుస్తకాలు సర్దేసుకోవాలనిపించేది.

అట్లాంటి రోజుల్లో నందిగామకి ఒక సినిమా వచ్చింది. జట్కాకి అటూ ఇటూ బోర్డులు కట్టి మైకులో చెప్పుకుంటూ పోయారు. బోర్డు మీద ఓ మూల ఆ నటుడి మొహం. పిన్ని ఆ మొహాన్ని దగ్గరికి వెళ్ళి మరీ చూసి వచ్చింది. ఆదివారం నన్ను తీసుకుని వెళ్ళింది.

ఆయన మొదట్లోనే వచ్చాడు. నేను హాయిగా వెనక్కి వాలాను. అదే జుట్టు, అదే కండువా, అదే గొంతు. చేతిలో మాత్రం గ్లాసు ఉంది. సరే, ఎవరో దుర్మార్గుడు పెట్టి ఉంటాడు, తర్వాత సీనులో పారేస్తాడు అనుకున్నాను. పారేయలేదు. ఆ ఊళ్ళో పేకాట క్లబ్బు ఆయనదే. హీరో తండ్రిని ముంచింది ఆయనే. కాసేపటికి హీరోయిన్ కొంగు పట్టుకున్నాడు, తగ్గించిన ఆ గొంతుతోనే ఏవో మాటలు అన్నాడు. నేల టిక్కెట్టు వాళ్ళు ఈలలు వేశారు. నాకు ఆయన మీద కోపం రాలేదు, నా చదువు గురించి భయం వేసింది. పిన్ని మొహం చూశాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

ఇంటికొచ్చాక పిన్ని ధైర్యం తెచ్చుకుంది. "మీ నాన్న అడిగితే ఆయన ఉన్నాడని చెప్పు. ఉన్నాడుగా. ఇందులో అబద్ధం ఏముంది?" అంది. బాబాయి పేపరు చాటు నుంచి, కోర్టులో ఇట్లాంటి సాక్ష్యాలే నడుస్తాయి అన్నాడు. వాళ్ళకేం, వాళ్ళ బడి కాదు పోయేది.

వారం తిరక్కుండానే నాన్న కందుల మూటతో దిగాడు. మంచినీళ్ళు తాగుతూ, సినిమాకేమైనా వెళ్ళారా అని అడిగాడు. పిన్ని, వెళ్ళాం, ఆయన ఉన్నాడు బావగారూ, పెద్దమనిషి వేషం అంది. నాన్న మొహం విచ్చుకుంది. అయితే సరే, పేటకి వచ్చినప్పుడు అందరం కలిసి చూద్దాం అన్నాడు.

నందిగామలో ఆడిన బొమ్మ పేటకి రాక ఎక్కడికి పోతుంది? కంచికచర్ల నుంచి నందిగామకి, నందిగామ నుంచి పేటకి, రీళ్ళ పెట్టె బస్సు టాపు మీద అట్లా ఊరూరూ తిరుగుతుందని నాకు తెలుసు. బస్సు టాపు మీద ఏ రేకు పెట్టె కనపడినా అదే అనుకునేదాన్ని. రీళ్ళు తెగిపోవాలని పెనుగంచిప్రోలు తిరుపతమ్మకి మొక్కుకున్నాను. రాత్రి చదువుకుంటుంటే పుస్తకంలో అక్షరాల బదులు ఆయన పట్టుకున్న కొంగు కనపడేది. క్లాసులో ఏ పాఠం మొదలుపెట్టినా, దీని చివరిదాకా నేనుంటానా అని అనుమానం.

దసరా సెలవులకి ఇంటికి వెళ్ళేసరికి బొమ్మ పేటలో దిగింది. అమ్మ అప్పటికే చీర తీసి మంచం మీద పెట్టుకుంది. నేను కడుపునొప్పి అన్నాను. అమ్మ వాము నూరి మింగించింది. తగ్గలేదన్నాను. నాన్న వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి, పిల్ల లేకుండా సినిమా ఏమిటి, తగ్గాకే పోదాం అన్నాడు. ఇంకేం చేస్తాను, మర్నాటికి తగ్గించుకున్నాను.

హాల్లో నాన్న పక్కన నేను, అటు పక్క తమ్ముడు, ఆ చివర అమ్మ. ఆయన తెర మీదికి రాగానే నాన్న అలవాటు ప్రకారం వెనక్కి ఆనుకున్నాడు. గ్లాసు చూశాక మళ్ళీ ముందుకి జరిగాడు. కొంగు పట్టుకునే సీను ఎక్కడొస్తుందో నాకు తెలుసు. ముందు మెట్ల మీద దీపం చూపిస్తారు. దీపం కనపడగానే తల వంచేసుకుని కళ్ళు మూసుకున్నాను. ఈలలు వినపడ్డాయి. కళ్ళు తెరిచేసరికి నాన్న తెర వంక చూడటం లేదు, నా వంక చూస్తున్నాడు.

నాన్న లేవలేదు. సినిమా అయ్యేదాకా కండువా సర్దుకోలేదు కూడా. అందుకే నాకు మరీ భయం వేసింది. బయటికొచ్చి ఎద్దుల్ని పూన్చాడు, తమ్ముణ్ణి ఎత్తి బండిలో వేశాడు. బండి పేట దాటింది. పొద్దు ఇంకా గుంకలేదు. ముందు కూర్చుని తోలుతున్న నాన్న వీపు మాత్రమే నాకు కనపడుతోంది. సెలవుల తర్వాత నందిగామ బస్సు ఎక్కేది నేను కాదని నాకు తెలిసిపోయింది. నా పుస్తకాలు పిన్ని ఎవరికి ఇస్తుందా అని కూడా ఆలోచించాను.

"ఆయనకేం కష్టమొచ్చిందో" అన్నాడు నాన్న, ఎద్దులతో అన్నట్టు. "పిల్లల చదువులకి చాల్లేదేమో. లేకపోతే ఆయన ఒప్పుకునే వేషమా అది."

వెనక్కి తిరక్కుండానే, "నువ్వు నందిగామలో చూసింది ఇదేగా" అన్నాడు.

అవునన్నాను.

"చూసినరోజు నుంచీ భయపడుతున్నావా?"

అవునన్నాను.

"ఎవర్ని చూసి?"

నేను ఆయన వీపు వంకే చూస్తున్నాను. నాన్న ముల్లుకర్ర ఒళ్ళో పెట్టుకున్నాడు. తోలేవాడు లేకపోయినా ఎద్దులు దారి పట్టి పోతున్నాయి. నాన్న కండువా అంచుతో మొహం తుడుచుకోవడం వెనక నుంచి చూశాను. సినిమాలో ఆయన ఏడిస్తే నాన్న తుడుచుకోవడం చాలాసార్లు చూశాను గానీ, మా వల్ల తుడుచుకోవడం అదే మొదటిసారి చూడటం. నాకు ఏడుపు ఆగలేదు.

ఇల్లు దగ్గరపడుతుండగా అన్నాడు. "నేను తిడతానమ్మా. నా నోరు అంతే, అది మారదు. తిట్టినా సరే, నాకు చెప్పు."

సెలవులు అయిపోగానే ఆయనే వచ్చి నన్ను నందిగామ బస్సు ఎక్కించాడు. ఆ తర్వాత చదువు పూర్తయ్యేదాకా నాన్న నన్ను చాలాసార్లు తిట్టాడు. ఏ సంగతికి తిట్టినా, ఆ సంగతి ఆయనకి చెప్పింది నేనే.