ఆయన పేరున్న నాటకం

మొన్న నంద్యాలలో మనవరాలు తన డిగ్రీ పాఠమైన పాత ప్రేమ నాటకాన్ని, అదీ హాస్య నాటకాన్ని, తెలుగు అనువాదంలో పైకి చదువుతూ ఆగింది. "అవ్వా, ఈమెకు మొదటి నుంచీ వాడంటే ఇష్టమే గదా?" అంది. నాకు ఒళ్లు మండింది. "యాడుంది, చూపించు. మూడో అంకం దాకా వాడంటే గిట్టనే గిట్టదు," అన్నాను. ఇదే నాటకం, ఇదే అనువాదం మీద ఇదే తగువు, పెళ్లయిన కొత్తలో ఆళ్లగడ్డలో మా అత్తతో పడి ఓడిపోయాను.

విత్తనానికి వేరుశనగకాయలు ఒలిచే రోజులవి. మధ్యాహ్నం అత్త, ఆడబిడ్డలు చాటలు ముందేసుకుని కూర్చుంటే నేను చదవాలి. నవ్వుతూ ఉంటే గింజలు నోట్లో వేసుకోరని అత్త లెక్క. పుస్తకం నంద్యాల నుంచి తెచ్చింది మా ఇంటాయనే. అనువాదకుడు నాయకుడికి తెలుగు పేరు పెట్టాడు. అది సరిగ్గా మా ఇంటాయన పేరు. కొనేటప్పుడు ఆయన చూసుకోలేదు. మా ఇళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. అత్త ముందైతే అసలే కుదరదు. అందుకని ఆ పేరు వచ్చిన ప్రతిచోటా "ఆయన" అని చదివాను.

మొదటి అంకంలోనే నాయిక అతన్ని పేరు పెట్టి దద్దమ్మ అంటుంది. నా నోట అది "ఆయనంత దద్దమ్మను నేను చూడలేదు" అయింది. అత్త పకపకా నవ్వింది. "ఇంగేముంది, మొగుణ్ని తిట్టుకుంటాంది!"

"కాదత్తా, ఆమెకు వాడంటే గిట్టదు."

"గిట్టనోణ్ని ఆయన అంటారేందిమ్మీ? నువ్వు చదువు, నాకు అర్థమైతాందిలే."

మూడో అంకం చివర నాయిక ఎగతాళి మాని, అతన్ని మొదటిసారి మెత్తగా పేరుతో పిలుస్తుంది. నాటకమంతా ఆ పిలుపు మీదే నిలబడింది. ఆ పేరు చోట నేను "ఇదిగో" అన్నాను. చాటల్లో కాయలు చిట్లుతూనే ఉన్నాయి, ఒక్కరూ తలెత్తలేదు. ఒక్కసారైనా ఆ నాటకాన్ని రాసినట్టు చదివి వినిపించాలని అప్పటి నుంచీ నాకు పట్టుదల.

మనవరాలు పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "అయితే నువ్వే చదువవ్వా, రాసినట్టే." అత్త లేదు. ఆయనా పోయి ఏళ్లయింది. అడ్డు చెప్పేవాళ్లెవరూ లేరు. కళ్లద్దాలు సర్దుకుని మొదటి అంకం తీసి, ఆ పేరు జీవితంలో మొదటిసారి పైకి పలికాను. వెనకే దద్దమ్మ కూడా చేర్చాను.

"తిట్టినట్టు లేదవ్వా," అంది మనవరాలు మెల్లగా.

గొంతు పెంచి మళ్లీ చదివాను. అట్లాగే వచ్చింది. విసుగొచ్చి పుస్తకం మూసేశాను. ఒక పేరును ఇన్నేళ్లు నోట్లోనే దాచుకుంటే, అది ఇక తిట్టడానికి పనికిరాదు.