మామయ్య కట్టిన బంతిపూలు

మొన్న ఆదివారం పొద్దున్నే మా పక్కింటి ఫోనుకు తల్లాడ నుంచి అత్తయ్య ఫోన్ చేసింది. నా మేనమామ పోయాడు. "పొద్దుగాల ఆ జీపు పంపాలె అని పండుకున్నడు బిడ్డా, మల్ల లేవలే" అంది. భద్రాచలంలో బస్సెక్కినప్పటి నుంచీ ఏడుస్తూనే ఉన్నాను. దారిలో డ్రైవరు గేరు మార్చిన మోత విని, మామయ్య ఉంటే ఈయన్ని ఎన్నేసి మాటలనేవాడో అని గుర్తొచ్చి ఫక్కున నవ్వాను. పక్కసీటావిడ కాస్త జరిగి కూర్చుంది. ఏం చేయను, మామయ్యను తలుచుకుంటే నాకు ఏడుపు ఎక్కువసేపు నిలవదు.

తల్లాడలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది. ఖమ్మం పోయే కార్లు, అడవి దారుల్లో తిరిగే జీపులు, ఏది మొరాయించినా అక్కడికే వచ్చేది. బండి రాగానే బానెట్ ఎత్తేవాడు కాదు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, పిల్లను చూడటానికి వచ్చిన పెద్దమనిషిలా దాని చుట్టూ మెల్లగా ఒక్క చుట్టు తిరిగేవాడు. ఆ తర్వాత డ్రైవర్ని ఒకటే అడిగేవాడు. "నిన్నటికీ ఇయ్యాళ్టికీ ఏం మారింది?" ఎవరైనా జల్దీ చెయ్యమని గోల పెడితే, "చెయ్యి పెట్టుడు ఎవడైనా పెడతడు. ముందుగాల సూడాలె" అనేవాడు. సెలవులకు వెళ్లినప్పుడల్లా విని విని ఆ మాటలు నాకు కంఠతా వచ్చేశాయి.

ఆ మాటలు ఆయనే మరిచిపోయిన రోజు ఒకటుంది. అది నా పెళ్లిరోజు.

డెబ్భైల చివర్లో, మంచి ఎండాకాలం. పెళ్లి పర్ణశాలలో. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేది మేనమామే. మా మామయ్యకు అది చాలలేదు. మమ్మల్ని ముందే తన ఇంటికి పిలిపించుకుని, తల్లాడ నుంచే తన అంబాసిడర్‌లో తెస్తానని పట్టుబట్టాడు. చుట్టాలంతా బస్సులో ముందే వెళ్లిపోయారు. కార్లో నేను, అమ్మ, నాన్న, మామయ్య. భద్రాచలంలో దర్శనం చేసుకుని బయటికి వచ్చేసరికి మామయ్య చేతినిండా బంతిపూల దండలు కొని, కారు ముందు జాలీ అంతా నిండేలా పేర్చి కట్టేశాడు. "నా బిడ్డ బండి మామూలుగ పోతదా?" అని మురిసిపోయాడు.

చర్ల రోడ్డు మీద ఇంకా పట్టుమని పది మైళ్లు కూడా పోలేదు, వేడి చూపించే ముల్లు చివరికి పోయి ఆగింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసకొట్టింది. ముహూర్తానికి రెండు గంటలు కూడా లేవు. వేరే బండి దొరికే చోటూ కాదు.

"మూత తీసి నీళ్లు పోయరాదయ్యా!" అని నాన్న కేకలు.

"ఏడి మీద రేడియేటర్ మూత తియ్యొద్దు బావా. ముహూర్తం పోతే ఇంకోటి పెట్టుకుంటం, నీ మొహం పోతే యాడికెల్లి తేవాలె?"

మాటయితే అన్నాడు కానీ, నాన్న కంటే ఆయనకే తొందర ఎక్కువైంది. చుట్టూ తిరగలేదు, చేతులు వెనక్కి కట్టలేదు. గొట్టాలు తడిమాడు. ఫ్యాను బెల్టు లాగి చూశాడు. చివరికి పానా అందుకుని ఇంజన్ నట్లే విప్పబోయాడు. విప్పితే గంట పని.

నేను కారు దిగాను. "ఎండల యాడికే, పెళ్లిపిల్లవు?" అని అమ్మ అరుస్తూనే ఉంది. పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తి దోపి, చేతులు వెనక్కి కట్టుకుని కారు చుట్టూ ఒక్క చుట్టు తిరిగాను. అగ్నిహోత్రం కంటే ముందు నేను ప్రదక్షిణ చేసింది ఆ అంబాసిడర్‌కే. ముందుకొచ్చి నిలబడి అడిగాను.

"మామయ్యా, భద్రాచలం దాకా మంచిగనే ఉంది గదా. అక్కడ ఏం మారింది?"

పానా పట్టుకుని తలెత్తాడు. నా వైపు చూశాడు, దండల వైపు చూశాడు. ఎంత నవ్వాడంటే, రోడ్డు మీదే కూలబడిపోయాడు.

"గాలి పీల్చే ముక్కుకు నేనే పూలు కుక్కిన్నా బిడ్డా!"

దండలన్నీ తెంపాడు. ఒకటి నా మెడలో, ఒకటి నాన్న మెడలో, మిగతావి కారు పైన. ఇంజన్ చల్లారేదాకా ఆగి, తడిగుడ్డతో మూత తీసి, బండి ఆన్‌లో ఉంచి డబ్బాలోని నీళ్లు నిదానంగా పోశాడు. మేం చేరేసరికి పంతులుగారు గడియారం చూసుకుంటూ వాకిట్లోనే నిలబడ్డారు. మామయ్య గబగబా చేతులు కడుక్కుని నన్ను బుట్టలో కూర్చోబెట్టాడు. ఆయన బొటనవేలి నల్లమరక నా పెళ్లిచీర అంచు మీద ఇప్పటికీ ఉంది. మోస్తూ మోస్తూ చెవిలో గొణిగాడు. "షెడ్డుకాడ ఎవ్వలకు చెప్పకు."

నేను భోజనాల బంతిలోనే చెప్పేశాను. తర్వాత ఆయనే వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని నవ్వేవాడు. ఏడాదికేడాది దండలు పెరిగి, చివరికి బండెడు అయ్యాయి.

పెళ్లయిన కొత్తలో ఒకసారి మా ఆయన మీద అలిగి, సంచీ సర్దుకుని తల్లాడ వెళ్లాను. మామయ్య నన్నూ సంచీనీ చూశాడు. చేతులు వెనక్కి కట్టుకుని నా చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, "నిన్నటికీ ఇయ్యాళ్టికీ ఏం మారింది బిడ్డా?" అన్నాడు. చెప్పబోతే నాకే నవ్వొచ్చింది. అత్తయ్య పెట్టిన అన్నం తిని సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేశాను. నా కాపురానికి కూడా మెకానిక్ ఆయనే.

మొన్న నేను చేరేసరికి షెడ్డు ముందు వ్యాను ఆగి ఉంది. ఆయన్ని అందులో పడుకోబెట్టేశారు. ఎక్కడెక్కడి డ్రైవర్లో వచ్చి, ప్రేమకొద్దీ తలా ఒక దండ వ్యాను ముందు కట్టారు. ఎండ మండిపోతోంది. డప్పులు మొదలయ్యాయి. నాకు తెలియకుండానే నా చేతులు వెనక్కి వెళ్లాయి. వ్యాను చుట్టూ ఒక్క చుట్టు తిరిగి ముందుకొచ్చి, నడిమధ్యలో ఉన్న దండలు విప్పడం మొదలుపెట్టాను.

"ఏందమ్మా, పూలెందుకు తీస్తున్నరు?" అన్నాడు వ్యాను డ్రైవరు.

"డప్పుల ఎనక మెల్లగ పోవాలె గదా. ఇంజన్ ఏడెక్కుతది."

షెడ్డు పక్కనే ఇంటి గడపలో కూలబడి ఉన్న అత్తయ్య నన్ను చూసింది. ఏడుస్తూనే నవ్వింది. "అవ్ బిడ్డా, తియ్యి. లేకుంటే లేచి కూసుంటడు" అంది.

వ్యాను మెల్లగా కదిలింది. బంతిపూలు రెండు పక్కలా ఊగుతున్నాయి. మధ్యలో జాలీ ఖాళీగా, గాలికి తెరుచుకుని ఉంది.