ఓక్ కాయలు విరగకాసిన ఏడు

మా ముత్తాత పదకొండు గ్రామాల జమీందారు. తాత వేటకు బయలుదేరితే జిల్లా కలెక్టరు అతిథిగా వెంట వచ్చేవాడు. మా నాన్న నాటికి మిగిలింది ఇంటిపేరు.

ఎనభైల మొదట్లో వర్జీనియా కొండల అంచున ముప్పై ఎకరాల ఓక్ అడవి, దాని దిగువన చిన్న మొక్కజొన్న చేను నా పేరన ఉండేవి. కాలేజీలో నా ఉద్యోగం పోయాక పన్ను కట్టడం కష్టమైంది. షాంటిలీ పట్నంలో ఉండే ఇద్దరు తెలుగు డాక్టర్లు ఏటా వేటకు లీజు తీసుకుంటామన్నారు. ముందు ఒక్క జింకనైనా చూపించాలట. లీజు కుదిరితే అడవి నాకు దక్కుతుంది. లేకపోతే అమ్ముకోవాలి.

అంతకు ముందటి ఏడాది ఓక్ చెట్లు కాయలేదు. తిండి లేక జింకలు పట్టపగలే చేలోకి దిగాయి. తుపాకీ ఏ వైపు పట్టుకోవాలో తెలియని వాళ్ళు కూడా ఆ ఏడాది వేటగాళ్ళైపోయారు. డాక్టర్లు విన్నది ఆ కథే. ఈ ఏడాది తెల్ల ఓక్‌లు విరగకాశాయి. కొండ మీద నడిస్తే కాయలు పాదాల కింద గోళీల్లా దొర్లేవి. ఆ కాయకు చేదు తక్కువ, జింకలకు మహా ఇష్టం. పడుకున్న చోటే అది రాలుతుంటే ఏ జింకా చేలోకి రాదు. వేటగాడే కొండెక్కి, చెట్ల మధ్య కదలకుండా కూర్చోవాలి.

ఆ మాట వాళ్ళకు చెప్పాను. ఒక్కసారి.

నవంబరులో కొత్త నారింజ రంగు జాకెట్లు తొడుక్కుని దిగారు. తుపాకులకు దసరా పూజనాటి కుంకుమ బొట్లు ఇంకా ఉన్నాయి. బొట్లు పెట్టడానికి దొరికిన తీరిక గురి సరిచూసుకోవడానికి దొరకలేదు. చేను గట్టున మడతకుర్చీలు వేసుకుని స్టీలు క్యారియర్ విప్పారు. ఇంగువ వాసన గుప్పుమంది.

"పైకి ఎక్కాలా రాజావారూ? నా మోకాలి సంగతి మీకు తెలుసుగా. లాస్ట్ ఇయర్ ఇక్కడికే వచ్చాయిగా, అవే వస్తాయి లెండి" అన్నాడు పెద్ద డాక్టరు.

చిన్నాయన నవ్వాడు. "మీ తాతగారు మనుషుల్ని పెట్టి జింకల్ని తోలించేవారటగా? మాకు ఆ అరేంజ్‌మెంట్ లేదా?"

"అప్పుడు కూర్చునేవాళ్ళకు గురి కూడా ఉండేది" అన్నాను.

"అబ్బో, వాత పెట్టారండీ! ముందు పులిహోర తినండి సార్."

నేను తినలేదు.

కొండ మీద ఎండుటాకుల్లో అలికిడి వినిపిస్తూనే ఉంది. వాళ్ళు ఇళ్ళ ధరలు మాట్లాడుకుంటున్నారు. ఇంకోసారి చెప్పి, చెయ్యి పట్టుకుని నడిపిస్తే ఎక్కేవాళ్ళేమో. మా ఇంట్లో అతిథికి దారి చూపిస్తాం. బతిమాలం.

పొద్దు వాలుతుండగా పెద్దాయన కుర్చీ మడిచాడు. "ప్లేస్ బానే ఉంది గానీ రాజావారూ, డీర్ లేకుండా లీజ్ ఎందుకు చెప్పండి? ఏమీ అనుకోకండి."

"అనుకోవడానికేముంది" అన్నాను.

మర్నాడు నేనొక్కణ్ణే కొండెక్కాను. తెల్ల ఓక్‌ల కింద జింకలు దించిన తల ఎత్తకుండా మేస్తున్నాయి. చాలాసేపు చూశాను. ఇంటికి వచ్చాక డాక్టర్లకు ఫోన్ చేయలేదు.

వసంతంలో ఆ ముప్పై ఎకరాలూ ఒక కలప వ్యాపారికి అమ్మేశాను, చెట్లతో సహా.